పెంపుడు జంతువులున్న ఇంట్లో సాలీళ్లు: ఏ పద్ధతి ఎంచుకోవాలి?

గోడ మూలన సాలీడు కనబడితే చాలామంది చెయ్యి నేరుగా స్ప్రే డబ్బా మీదికే పోతుంది. పిల్లి, కుక్క, పక్షి, చేపలు ఉన్న ఇంట్లో మాత్రం ఆ డబ్బాను ఆఖరి వరుసలో పెట్టాలి. మందు చల్లిన నేల మీద పడుకునేది కుక్క. ఆ నేల మీద నడిచొచ్చి పాదాలు నాక్కునేది పిల్లి. సాలీడు చాలాసార్లు పైన గూట్లో క్షేమంగానే ఉంటుంది.

అందరూ చెప్పే సలహాలన్నీ పోగుచేస్తే దారులు ఆరేడు తేలతాయి. బూజు దులపడం లేదా వాక్యూమ్‌తో లాగేయడం, పట్టుకుని బయట వదలడం, జిగురు అట్టలు, రసాయన స్ప్రేలు, ఘాటు నూనెలూ పొడులూ, శబ్దం చేసే యంత్రాలు, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవడం. నా ఓటు దేనికో ముందే చెప్పేస్తాను: ఎక్కువ ఇళ్లకు బూజుకర్ర, వాక్యూమ్, సందులు మూయడం సరిపోతాయి. మిగతావాటిలో కొన్ని అప్పుడప్పుడు పనికొస్తాయి, కొన్ని డబ్బు దండగ, కొన్ని జంతువుల ప్రాణం మీదికి తెచ్చేవి.

ముందు సాలీడు ఏ రకమో చూడండి

ఇళ్లలో తిరిగే సాలీళ్లలో చాలావాటి వల్ల కుక్కకు గానీ పిల్లికి గానీ ఏ హానీ లేదు. వాటి కోరలు చిన్నవి, బొచ్చు దాటి చర్మంలోకి దిగడం కష్టం. పిల్లి సాలీడును వేటాడి తినేసిందని కంగారు పడేవాళ్లు చాలామంది. సాలీడు విషం పనిచేయాలంటే కాటు ద్వారా ఒంట్లోకి ఎక్కాలి. కడుపులోకి పోయిన మామూలు సాలీడు జీర్ణమైపోతుంది. నోట్లో కాస్త చొంగ, కొద్దిగా చిరాకు, అంతవరకే.

మినహాయింపులు ఉన్నాయి. బ్లాక్ విడో జాతుల విషానికి పిల్లులు బాగా లొంగిపోతాయి. కండరాలు బిగుసుకుపోవడం, విపరీతమైన నొప్పి, చొంగ, నడవలేకపోవడం కనిపిస్తాయి. రెక్లూజ్ జాతి కాటు వల్ల ఆ చోట చర్మం చచ్చుబడి పుండు పడొచ్చు. అమెరికా ఖండాల టారంటులాలు కాళ్లతో పొట్ట మీది సన్నని వెంట్రుకలను ఎగజిమ్ముతాయి. మూతి పెట్టి వాసన చూసే కుక్కకు అవి కళ్లలో, ముక్కులో గుచ్చుకుని బాగా బాధపెడతాయి. వింత ఏమిటంటే, మనిషికి ప్రాణాంతకమైన సిడ్నీ ఫనెల్ వెబ్ సాలీడు విషాన్ని కుక్కలూ పిల్లులూ చాలావరకు తట్టుకుంటాయి. ఆ విషానికి బాగా లొంగేది మనిషి, కోతి లాంటి ప్రైమేట్లు.

కాబట్టి మీరుండే చోట ఇలాంటి ప్రమాదకర జాతులు ఉన్నాయా లేదా అన్నది మొదట తేల్చుకోండి. ఉంటే మీ ఎంపిక వేరు, దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం. లేకపోతే మీ సమస్య ప్రమాదం కాదు, చూడబుద్ధి కాకపోవడం. ఆ మాత్రం దానికి విషం అవసరం లేదు. మనుషులు పెద్దగా తిరగని పై మూలలో ఉన్న ఒక సాలీడును అలాగే వదిలేయడం కూడా ఒక పద్ధతే. అది దోమలూ ఈగలూ తింటుంది. కాకపోతే సాలీళ్లంటే వణుకు పుట్టేవాళ్లకు ఈ సలహా ఎక్కదు, అది నాకు తెలుసు.

స్ప్రే ఎందుకు అంత లాభం లేదు

బొద్దింక నేలకు పొట్ట ఆనించి పాకుతుంది, ఆ తర్వాత మీసాలూ కాళ్లూ నోటితో శుభ్రం చేసుకుంటుంది. అందుకే గోడ వారన చల్లి ఆరిపోయిన మందు దాని ఒంటికి అంటుకుని లోపలికి పోతుంది. సాలీడు ఒంటిని పైకెత్తి కాళ్ల కొసల మీద నడుస్తుంది. బొద్దింకలా ఒళ్లు నాక్కోదు. గూడు కట్టుకుని ఉండే రకమైతే అసలు నేల మీదికే దిగదు. ఆరిన మందు దాని దాకా చేరే అవకాశం తక్కువ. గుడ్ల సంచి చుట్టూ ఉండే పట్టు పొర వల్ల లోపలి గుడ్లకు మందు సరిగా తగలదు.

స్ప్రే ఖాయంగా పనిచేయాలంటే సాలీడు మీద నేరుగా పడాలి. నేరుగా కొట్టేంత దగ్గర్లో సాలీడు కనబడుతుంటే ఆ పని బూజుకర్ర కూడా చేస్తుంది, నేల మీద మందు మిగల్చకుండా. ఇంట్లో జంతువు ఉన్నప్పుడు స్ప్రేకు వ్యతిరేకంగా నాకు ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. గదంతా పొగలా నింపే ఫాగర్లు ఇంకా అధ్వానం. ఆ పొగ సాలీళ్లు దాక్కునే పగుళ్లలోకి పెద్దగా పోదు. సోఫా మీద, కుక్క పరుపు మీద, నీళ్ల గిన్నెలో మాత్రం చక్కగా దిగుతుంది. వాటిలో వాయువు మంటలంటుకునే రకం కావడం మరో టెన్షన్.

ఇక ప్రమాదం సంగతి. ఇళ్లలో వాడే పురుగుల స్ప్రేలలో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్‌లు. చామంతి జాతి పూలలో దొరికే పైరెత్రిన్ అనే పదార్థాన్ని పోలినట్టు తయారుచేసినవి. వీటిలో పర్మెత్రిన్ అనే పేరు గుర్తుంచుకోండి. కుక్క కాలేయం దీన్ని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైమ్ వ్యవస్థ బలహీనం. అందువల్ల ఒంట్లో చేరిన పర్మెత్రిన్ త్వరగా బయటికి పోదు. చర్మం గిలగిలలాడడం, వణుకు, ఆ తర్వాత ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోవచ్చు కూడా. గోమార్లు, పిడుదుల కోసం కుక్క వీపు మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో పర్మెత్రిన్ గాఢంగా ఉంటుంది. అదే మందును పిల్లికి వేయడం, మందు వేసిన కుక్కను ఆనుకుని పిల్లి పడుకోవడం, రెండూ ప్రమాదమే. కుక్కకు సరిపడినదేదైనా పిల్లికీ సరిపోతుందనుకోవద్దు.

చేపల సంగతి ఇంకా సున్నితం. పైరెత్రాయిడ్‌లు నీళ్లలో అతి తక్కువ మోతాదులో ఉన్నా చేపలు చచ్చిపోతాయి. అక్వేరియంలో బుడగలు వచ్చే పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి కొడుతుంది. తొట్టి మీద మూత ఉన్నంత మాత్రాన ధీమా పడకూడదన్నది అందుకే. పక్షుల ఊపిరితిత్తులకు తోడుగా గాలి సంచులు ఉంటాయి, అందువల్ల పీల్చిన గాలిలోంచి పక్షులు చాలా సమర్థంగా ఆక్సిజన్ లాగుతాయి. గాలిలోని విషాన్నీ అంతే సమర్థంగా లాగుతాయి. పంజరం ఉన్న గదిలో ఏ స్ప్రే కొట్టకండి, వాసన స్ప్రేలతో సహా.

"సహజం" అన్న మాట చూసి నమ్మితే

రసాయనాల భయంతో చాలామంది ఘాటు నూనెల వైపు మళ్లుతారు. పుదీనా నూనె ఇందులో అందరికీ తెలిసిన చిట్కా. దానిలో కొంత నిజం లేకపోలేదు. 2018లో పరిశోధకులు మూడు జాతుల సాలీళ్లను ఇలాంటి చిట్కాలతో పరీక్షించి చూస్తే, రెండు జాతులు పుదీనా నూనెకు దూరంగా జరిగాయి. నిమ్మ నూనెను మాత్రం ఏ జాతీ లెక్కచేయలేదు. నిమ్మ తొక్కలు మూలల్లో పెట్టే చిట్కా ఇక్కడితో సరి.

పుదీనా నూనె కొంత పనిచేస్తుంది కదా, మరి వాడితే ఏమిటి? ఇంట్లో పిల్లి ఉంటే వద్దు. పుదీనా, టీ ట్రీ, యూకలిప్టస్, నిమ్మజాతి నూనెల్లోని ఘాటైన పదార్థాలను కూడా పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు. గాఢమైన టీ ట్రీ నూనె తాకి కుక్కలు కూడా తూలిపోయి, వణికిపోయి ఆస్పత్రి పాలైన సందర్భాలు ఉన్నాయి. నూనెను గాలిలోకి చిమ్మే డిఫ్యూజర్ పెడితే సన్నటి తుంపర బొచ్చు మీద పడి, నాక్కున్నప్పుడు కడుపులోకి పోతుంది. వాసన నిలవాలంటే మళ్లీ మళ్లీ చల్లాలి. అంటే ప్రమాదం కూడా మళ్లీ మళ్లీ.

కలరా ఉండల గురించి ఒక్క మాటే: జంతువులున్న ఇంట్లో పెట్టొద్దు. వాటిలోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఒక ఉండ మింగినా చిన్న జంతువుకు ప్రమాదం. అవి దొర్లే వస్తువులు కూడా, ఆడుకోవడానికి కుక్కపిల్లకు అంతకన్నా ఏం కావాలి!

వెనిగర్ నీళ్లు పిల్లికీ కుక్కకూ పెద్ద హాని చేయవు. కానీ సాలీడు మీద నేరుగా పడితే తప్ప ప్రభావం లేదు, ఆరాక వాసన పోతే మళ్లీ మామూలే. పాలరాయి లాంటి రాతి మీద పడితే మెరుపు పోయి మచ్చలు పడతాయి. బోరిక్ పొడి బొద్దింకలకూ చీమలకూ పనికొస్తుంది, అవి తింటాయి లేదా నాక్కుంటాయి కాబట్టి. సాలీడు ఆ రెండూ చేయదు, అందుకని ఇక్కడ దాన్ని పరిగణనలోకే తీసుకోనక్కర్లేదు.

పొడులన్నిటిలో కాస్త ఆలోచించదగ్గది డయాటమేషియస్ ఎర్త్. ఒకప్పటి సూక్ష్మమైన నీటి జీవుల సిలికా పెంకులతో ఏర్పడిన మెత్తటి పొడి ఇది. పురుగు ఒంటి మీది మైనపు పొరను పాడుచేసి అది ఎండిపోయేలా చేస్తుంది. విషంలా పనిచేయదు. అయినా మూడు షరతులున్నాయి. ఈత కొలనుల వడపోతకు వాడే రకం తేకూడదు, దానిలోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తులకు చెరుపు. దుమ్ము లేచేలా చల్లకూడదు, ఏ రకమైనా పీలిస్తే గొంతూ ముక్కూ మండుతాయి. తడి తగిలితే పనిచేయదు. బీరువా వెనక, గోడ పగులు లోపల, జంతువు మూతి చేరని చోట పలచగా వేసి వదిలేయాలి. వెంటనే ఫలితం ఆశించొద్దు.

శబ్దం చేసే యంత్రాలు కొనకండి. మనకు వినపడని అల్ట్రాసోనిక్ శబ్దంతో పురుగులు పారిపోతాయని చెప్పి ప్లగ్‌లో పెట్టే పరికరాలు అమ్ముతారు. సాలీళ్లను తరిమేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులకూ అమ్మకందారులకూ ఈ రకం ప్రకటనల విషయంలో హెచ్చరిక లేఖలు పంపింది. మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ దాకా వినపడుతుంది. కుక్కకు 45 దాకా, పిల్లికి 60 దాటి కూడా వినపడుతుంది. ఎలుక జాతి పెంపుడు జంతువులైన హ్యామ్‌స్టర్ లాంటివి ఆ శబ్దాలతోనే పలకరించుకుంటాయి. అంటే సాలీడుకు పట్టని గోలను మీ పెంపుడు జంతువు రాత్రీపగలూ భరించాలి.

చేత్తో చేసే పద్ధతుల్లో ఏది దేనికి

పైకప్పు మూలల్లో పొడుగు కాళ్లతో, ముట్టుకుంటే ఊగిపోయే సాలీళ్లకు బూజుకర్ర చాలు. అయితే బూజు మాత్రమే దులిపి సాలీడును కింద పడేస్తే మర్నాటికి ఇంకో మూలలో కొత్త గూడు ఉంటుంది. అందుకే వాక్యూమ్‌కు పొడవాటి గొట్టం తగిలించి గూడు, సాలీడు, గుడ్ల సంచి మూడూ కలిపి లాగేయడం మేలు. గుడ్ల సంచి అన్నిటికన్నా ముఖ్యం. జాతిని బట్టి ఒక్కోదానిలో కొన్ని పదుల నుంచి కొన్ని వందల గుడ్లు ఉంటాయి. పొడుగు కాళ్ల రకంలో ఆడది గుడ్ల ముద్దను నోటితో పట్టుకుని తిరుగుతుంది, కాబట్టి దాన్ని లాగేస్తే గుడ్లూ పోతాయి. పని అవగానే వాక్యూమ్ డబ్బాను బయట ఖాళీ చేయండి. శబ్దానికి బెదిరే పిల్లినీ పక్షినీ ముందే వేరే గదిలో ఉంచండి.

నేల మీద పరుగెత్తి వేటాడే రకాలకు బూజుకర్రతో లాభం లేదు. వాటిని గ్లాసు బోర్లించి, కింద అట్ట దూర్చి బయటికి పంపడమే సులువు. చెప్పుతో కొట్టే అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక: వుల్ఫ్ స్పైడర్ తల్లి పిల్లలను వీపు మీద మోస్తుంది. కొట్టారంటే ఆ పిల్లలన్నీ నలువైపులా చెదిరిపోతాయి. గ్లాసు పద్ధతి ఓపికలేనివాళ్లకు విసుగే, కానీ కుక్క పక్కనే నిలబడి చూస్తున్నా భయం లేని పద్ధతి ఇది.

జిగురు అట్టలు ఈ నేల మీది రకాలకే పనికొస్తాయి. ఏ మూల నుంచి ఎన్ని వస్తున్నాయో తెలుసుకోవడానికి కూడా మంచి సాధనం. విషం లేకపోయినా పిల్లి తోకకు అంటుకుంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. బల్లులు కూడా ఇరుక్కుని నరకయాతన పడతాయి. పెట్టాలనుకుంటే చిన్న రంధ్రాలున్న డబ్బాలో పెట్టి, బీరువా కిందో ఫ్రిజ్ వెనకో దూర్చండి. బొచ్చుకు అంటుకుంటే లాగకండి, వంటనూనె రాసి మెల్లగా వదిలించి, తర్వాత ఆ నూనెను సబ్బుతో కడగండి. స్వేచ్ఛగా తిరిగే కుందేలు, గినీపిగ్ ఉన్న ఇంట్లో అసలు వద్దు.

ఇవన్నీ ఉన్న సాలీడును తీసేసేవే. మళ్లీ రాకుండా ఉండాలంటే దాని తిండి, దాని దారి రెండూ ఆపాలి. చిత్రంగా, జంతువులున్న ఇళ్లలో సాలీళ్లను పిలిచేది చాలాసార్లు జంతువు గిన్నే. రాత్రంతా వదిలేసిన తడి ఆహారానికి ఈగలు, చీమలు, బొద్దింకలు చేరతాయి. వాటి కోసం సాలీడు చేరుతుంది. తిన్న గంటలో గిన్నె తీసి కడగండి, పొడి ఆహారాన్ని బిగుతు మూత డబ్బాలో పోయండి, పిల్లి మలం పెట్టెను రోజూ శుభ్రం చేయండి. బల్లి జాతి జీవుల తిండికని కీచురాళ్లు పెంచేవాళ్లు ఆ డబ్బా మూత ఇంకోసారి చూసుకోండి. తప్పించుకున్న కీచురాళ్లు సాలీళ్లకు విందు. గుమ్మం దగ్గర తెల్లటి దీపం బదులు పసుపు ఛాయ ఎల్‌ఈడీ పెడితే ఎగిరే పురుగులు తక్కువ వస్తాయి.

తలుపు కింద సందుకు బ్రష్ పట్టీ, కిటికీకి చిరుగులు లేని మెష్, పైపుల చుట్టూ సీలెంట్. కుక్క, పిల్లి వచ్చిపోయే చిన్న తలుపు ఉంటే దాని అంచులు సరిగా మూసుకుంటున్నాయో చూడండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. మంచం కింద అట్టపెట్టెలు పేర్చి పెట్టకండి. సాలీళ్లు తిండి లేకుండా వారాల తరబడి బతకగలవు. అందువల్ల పురుగులు తగ్గిన మర్నాడే సాలీళ్లు మాయం కావు, కొంతకాలం దులుపుతూ ఉండాలి.

మీ ఇంట్లో ఏ జంతువు ఉందో దాన్ని బట్టి

పిల్లి ఉంటే నియమాలు గట్టిగా ఉండాలి: పర్మెత్రిన్ లేదు, ఘాటు నూనె లేదు, బయటికి కనిపించే జిగురు అట్ట లేదు. పిల్లీ కుక్కా రెండూ ఉంటే పిల్లికి పెట్టిన నియమమే ఇల్లంతటికీ. కుక్క ఒక్కటే ఉంటే కాస్త వెసులుబాటు ఉంది. గోడ పగుళ్ల లోపల మాత్రమే, డబ్బా మీద రాసిన మోతాదులో మందు కొట్టి, పూర్తిగా ఆరి గాలి ఆడేదాకా కుక్కను బయట ఉంచడం కుదురుతుంది. అదీ ఏది దొరికినా నమిలే కుక్కపిల్ల కాకపోతేనే.

పక్షి, చేపలు ఉన్న గదిలో వాక్యూమ్, గ్లాసు తప్ప వేరే ఆలోచన వద్దు. పెంపుడు టారంటులా ఉన్నవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదనుకుంటాను. సాలీడును చంపే మందుకు మీ సాలీడు, వీధి సాలీడు అన్న తేడా తెలియదు.

ప్రమాదకర జాతులు ఉన్నచోట, లేదా దులిపినకొద్దీ వస్తూనే ఉంటే, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవడం సరైన ఎంపిక. అప్పుడు కూడా పని వాళ్లకు వదిలేసి కూర్చోకండి. వాడబోయే మందులోని అసలు పదార్థం పేరు అడిగి రాసుకోండి. "జంతువులకు సేఫ్ అండీ" అన్న జవాబు చాలదు, ఏ జంతువుకో అడగండి. గదులంతా చల్లుతారా, పగుళ్లలో మాత్రమేనా? ఎన్ని గంటల తర్వాత జంతువులు లోపలికి రావచ్చు? ఈ జవాబులు రాతలో ఇవ్వనివాళ్లను పెట్టుకోకండి. సాలీడు ఏ జాతిదో చూడకుండానే ఇల్లంతా నెలనెలా స్ప్రే ప్యాకేజీ అంటే నేనైతే ఒప్పుకోను. పని రోజున గిన్నెలు, పరుపులు, బొమ్మలు తీసేయండి. పక్షినీ పిల్లినీ వేరే ఇంటికి పంపండి. చేపల తొట్టిని కదిలించలేకపోతే ఆ గదిని మినహాయించమనండి. అదీ కుదరకపోతే పంపు ఆపి, తొట్టిని తడిబట్టతో గాలి చొరకుండా కప్పి, పని అయ్యి గది గాలి మారాక వీలైనంత త్వరగా తీసి పంపు ఆన్ చేయండి.

పొరపాటున మందు జంతువు ఒంటి మీద పడితే, అది మామూలుగానే ఉన్నట్టయితే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడిగి పొడిగా తుడిచి, నాక్కోకుండా తువాలులో చుట్టి వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. వేడి నీళ్లు వద్దు, చర్మంలోకి మందు ఇంకా ఎక్కువ ఇంకుతుంది. అప్పటికే వణుకు గానీ ఫిట్స్ గానీ మొదలైతే స్నానం కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మింగినా సరే, ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు. నూనెలు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతే మరింత ముప్పు. మందు డబ్బాను వెంట తీసుకెళ్లండి. చికిత్స ఏమిటో డాక్టర్ తేల్చుకోవడానికి దాని లేబుల్ కావాలి.